రెండు వందల పది చీమలు

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా పనిచేసే మహానందికి ఒకే ఒక్క గర్వం. ఎంత మురికి పట్టిన బొమ్మైనా అతని చేతిలో పడితే కడిగిన ముత్యంలా బయటికి రావాల్సిందే. ఆ గర్వం ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు అణిగింది. అణచడానికి వచ్చిన అమ్మాయి ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో పాత పిల్లల పత్రిక ఉన్నాయి.

"ఏమప్పా, మహానంది అంటే నువ్వేనా?"

"నేనే మేడం. పుట్టినరోజు ఫ్లెక్సా, పెద్దకర్మ ఫ్లెక్సా?"

"పెద్దకర్మదే. నీ ఫోటో ఇస్తే చాలు."

కోపంలో ఇంత అందంగా ఉండేవాళ్ళు నవ్వితే ఎట్లా ఉంటారో అనుకున్నాడు మహానంది, సమయం సందర్భం లేకుండా.

ఆమె పేరు శివజ్యోతి. కడపలో కళ్ళద్దాల షాపులో పని. కోపానికి కారణం టెలిగ్రామ్‌లోని 'పాత బొమ్మల అంగడి' అనే గ్రూపు. అందులో ఆరు వేల మంది ఉన్నారు. పాత కామిక్స్ స్కాన్ చేసి, ఆవకాయ మరకలూ చెదల చిల్లులూ తుడిచి, అందరికీ ఉచితంగా పంచేది మన మహానందే. 'కుంటిగుర్రం సర్దారు' బొమ్మల సీరియల్ రెండు వందల పది పేజీలూ మొన్ననే పెట్టి, గ్రూపులో హీరో అయిపోయాడు.

"ఎవరినడిగి పెట్టినావు?"

"అడిగేకి ఎవరుండారు మేడం? పత్రిక మూతబడి ముప్పై ఏండ్లాయ."

"గీసినోడు ఉండాడు కదా, ఆళ్ళగడ్డలో! మా జేజినాయన, మా నాయనకు నాయన. పెద్ద ఈరన్న."

మహానంది లేచి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఎవరు గీశారో తెలియకుండానే ఆ బొమ్మల్ని ప్రేమించినవాడు. "బతికే ఉండాడా?" అని మాత్రం అనగలిగాడు.

శివజ్యోతి పత్రిక తెరిచి, కుడివైపు కింది మూల మీద భూతద్దం పెట్టింది. నువ్వుగింజంత చీమ. తల పైకెత్తి, ఒక మీసం వంచి నడుస్తోంది.

"ఆ పత్రికలో బొమ్మ గీసినోళ్ళ పేరు వేయరు. ఆయన పెండ్లాం, మా జేజి మద్దమ్మ, బతికుండంగ ఆయన్ని 'చీమా' అని పిలుస్తాండె, బెల్లం దొంగతనంగా తింటాడని. అందుకని ప్రతి పేజీలో చీమను గీసినాడు. అదే ఆయన సంతకం. నీ పేజీల్లో ఒక్కటన్నా ఉండాదా?"

లేదు. ఎందుకు లేదో మహానందికి బాగా తెలుసు.

"స్కానర్ అద్దం కింద చీమ చచ్చిందనుకున్నా మేడం. నాలుగు సార్లు అద్దం గూడా తుడిచినా. పోలేదని కంప్యూటర్‌లో..."

"చెరిపేసినావు."

"ఒక్క నొక్కుతో. అన్నీ."

ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. ఆ వెంటనే కళ్ళు తడిశాయి. జేజినాయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. వచ్చే నెల కొత్త అద్దాలు వస్తాయి. పెట్టుకోగానే సర్దారును మొత్తం చూపిస్తానని ఆమె మాటిచ్చింది. ఇంట్లో ఉన్న పత్రికలన్నీ వానకు తడిసి పోయాయి, ఈ ఒక్కటి తప్ప. మహానంది అరువు తెచ్చి స్కాన్ చేసిన పాత బైండు పుస్తకం కూడా చెదలపాలైంది. చీమలున్న స్కాన్లు అతను ఎప్పుడో తీసిపారేశాడు.

"నేను గీస్తా," అన్నాడు మహానంది. "ఒక్కొక్కటీ చేత్తో. నువ్వు చూసి సరే అంటేనే."

"మొదట ఆ పేజీలన్నీ తీసేయి."

తీసేశాడు. "గీసినాయన ఉన్నాడు. అడిగి వస్తా" అని గ్రూపులో రాశాడు. ఆరు వేల మందిలో సగం మంది తిట్టారు.

ఆ రోజు నుంచి రోజుకు పది చీమలు కడపకు వాట్సాప్‌లో ప్రయాణం కట్టాయి.

"దీనికి ఎనిమిది కాళ్ళుండాయి. సాలీడు."

"ఇదేంది, ఇంత లావు? ఏ పెండ్లిలో తిని వచ్చినాది?"

"ఈ చీమ నీ మాదిరే ఉండాది. తల వంచుకొని."

"నువ్వు తిడితే తలెత్తేదెట్ల మేడం?"

"మేడం ఏందప్పా, జ్యోతి అను."

ఆ మాట మీద మహానంది రోజంతా బతికాడు. ఎండిపోయిన మైదుకూరులో ఆ సాయంత్రం వాన కూడా పడింది, నాలుగు చినుకులే అయినా.

నూట అరవయ్యో చీమ దగ్గర కథ అడ్డం తిరిగింది. ఎవరో ముందే దించుకున్న పాత పేజీల్ని, చీమల్లేని వాటిని, వేరే గ్రూపులో పెట్టారు. "నిన్ను నమ్మినా కదప్పా. ఇంక పంపొద్దు," అని జ్యోతి మెసేజ్ వచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఒకసారి వదిలింది తిరిగి పట్టుకోవడం ఎంత కష్టమో మహానందికి అప్పుడు తెలిసింది. ఆ గ్రూపు అడ్మిన్‌ను మూడు రోజులు బతిమాలాడు. "ఆయన సంతకం చెరిపిన వెధవను నేనే, ఇది నా తప్పు, దయచేసి తీసేయండి" అని అందరి ముందు రాశాడు. చివరికి తీసేశారు. ఆ గ్రూపులో మారుపేరుతో జ్యోతి కూడా ఉందని అతనికి తెలియదు.

నాలుగో రోజు పొద్దున్నే మెసేజ్: "నూట అరవై ఒకటో చీమ యాడ?"

నెల తిరిగింది. మహానంది ఫ్లెక్సీ షాపులోనే పేజీలన్నీ పెద్ద సైజులో ప్రింట్ తీసి, బైండు కట్టించి, ఆళ్ళగడ్డ పోయాడు. జ్యోతి తన చేతులతో జేజినాయనకు కొత్త అద్దాలు పెట్టింది. చివరి పేజీ తప్ప అన్నీ ఆమె చూసినవే. అది మాత్రం అతను పంపలేదు.

పెద్ద ఈరన్న మొదటి పేజీ మూల మీద వేలు పెట్టి, "మద్దీ, నీ చీమ వచ్చినాది," అన్నాడు. తర్వాత గంటసేపు పేజీ పేజీలో చీమను వెతుక్కుంటూ పోయాడు. మహానంది ఈ బొమ్మలు అందరికీ చూపించేందుకు అనుమతి అడిగాడు. పత్రిక మూసేటప్పుడు 'ఈ బొమ్మలన్నీ నీవే ఈరన్నా' అని ఎడిటర్ రాసిచ్చిన కాగితం ముసలాయన పెట్టెలో భద్రంగా ఉంది.

"చూపియ్యి నాయనా. పిలకాయలు చదవనీ. కింద నా పేరు మాత్రం పెట్టు."

అంటూనే చివరి పేజీ తిప్పాడు. ఆగాడు. అద్దాలు సర్దుకున్నాడు.

మూలలో రెండు చీమలున్నాయి, పక్కపక్కనే.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నా సంతకం ఒకటే. ఈ రెండోది ఎవరినడిగి పెట్టినావు?"

జ్యోతి ముఖం ఎర్రబడింది. మహానంది ఈసారి తల వంచలేదు.

"ఎవర్నీ అడగలేదు పెద్దాయనా. తప్పే. ఇప్పుడు అడుగుతాండా." ఆమె వైపు తిరిగాడు. "జ్యోతీ, ఉంచుదునా? వద్దంటే చెరిపేస్తా."

జ్యోతి సంచిలోంచి భూతద్దం తీసింది. పేజీ మీదికి వంగి, ఆ రెండో చీమను చాలా సేపు చూసింది.

"కాళ్ళు ఆరే ఉండాయి," అంది మెల్లగా. "చెరిపినావంటే చూడు."