కోటిగాడి మావ చెప్పి వెళ్లాడు

కోటిగాడు కొరికింది యశస్విని చేతిని. అరిచింది మాత్రం వాడి మేనమామ.

"ఓరి నీ! మేడం సెయ్యిరా అది! వదల్రా!"

యశస్వినికి అరవడం చిన్నప్పటి నుంచీ రాదు. సబ్బవరం హైస్కూల్లో హాజరు పలికితే పక్క బెంచీకి కూడా వినబడేది కాదు. ద్వారకా నగర్‌లోని ఈ పిల్లల థెరపీ సెంటర్లో చేరి ఇంకా ఏడాది నిండలేదు. చేయి లాక్కోకుండా, వాడు తనంతట తాను వదిలేదాకా ఆగింది.

"ఏం ఫర్వాలేదండీ," అంది మెల్లగా.

"ఫర్వా నేదేటండీ! పళ్లన్నీ అచ్చు గుద్దినట్టు దిగిపోయాయి."

అతని పేరు ఉమామహేష్. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఇల్లు. బావతో కలిసి బోటు మీద చేపల వేటకు వెళతాడు. సముద్రపు ఎండకు కాలిన మొహం, గట్టి చేతులు. ఆ చేతులే ఇప్పుడు తప్పు చేసిన పిల్లాడిలా కట్టుకుని నిలబడ్డాడు. యశస్వినికి నవ్వొచ్చింది గానీ మింగేసింది.

నాలుగేళ్ల కోటి ఇంట్లో గిన్నెలు విసురుతాడట. దొరికిన వాళ్లనల్లా కొరుకుతాడట. అది మానేదాకా తీసుకురావద్దని ప్లేస్కూల్ వాళ్లు చెప్పేశారట.

"మా అక్క రాధ అచ్యుతాపురంలో కంపెనీకి ఎల్తాది మేడం. ఈడు స్కూలుకెల్లకపోతే ఆవిడ పని మానీయాల. ఆ పని కోసం ఎంత కష్టపడి నేర్చుకుందో నాకు తెలుసు. అది పోకూడదు."

"రెండు దారులున్నాయండీ," అంది యశస్విని. "ఒకటి, రోజూ కొన్ని గంటలు వాడిని ఇక్కడ దింపుతారు. మావాళ్లు కూర్చోబెట్టి ఒక్కో పనీ నేర్పుతారు. చేస్తే మెచ్చుకుని, ఇష్టమైనది చేతిలో పెడతారు. కొందరు పిల్లలకు అది బాగా పనిచేస్తుంది. రెండోది, ఇంట్లోవాళ్లే నేర్చుకోవాలి. మీరు వాడితో ఆడతారు, నేను పక్కనుండి చెబుతాను. కోటికి ముందు ఇదే చూద్దామన్నారు మా డాక్టరమ్మ."

"మొదటిదే రాసీండి. పిల్లోడికి బుద్ధి నేర్పమని తెత్తే, నాకు ఆటలు నేర్పుతానంటారేటి?"

"ఐదు నిమిషాలు ఆడి చూడండి. నచ్చకపోతే మొదటిదే."

"ఓస్, ఆడుకోడమేనా!"

"ప్రశ్న వేయకూడదు. ఆర్డర్ వేయకూడదు. వాడేం చేస్తుంటే అది పైకి చెప్పాలి. అంతే."

ఉమామహేష్ చాప మీద చతికిలబడ్డాడు. కోటి బ్లాకులు పేర్చుతున్నాడు.

"ఏరా, ఇదేటి, ఇల్లా?"

"ప్రశ్న," అంది యశస్విని.

"ఎర్రది ఎట్టరా మరి."

"ఆర్డర్."

"మరి నోరు మూసుకోనా?"

"అదీ ప్రశ్నేనండీ."

అతను ఆమె వంక ఒక చూపు చూశాడు. ఆ చూపుకి యశస్విని కళ్లు గబుక్కున చాప అంచు మీదకు దిగిపోయాయి. తర్వాత అతను గొంతు సవరించుకుని, హార్బర్లో చేపలు వేలం వేసేవాళ్ల రాగం అందుకున్నాడు.

"ఎర్ర బ్లాకెక్కిందీ... పచ్చదాని మీదెక్కిందీ... కోటిబాబు ఇంకోటి తీసేడూ... ఎడతన్నాడూ... ఎట్టేసేడూ!"

కోటి చెయ్యి ఆగింది. మావ వైపు చూశాడు. ఇంకో బ్లాకు కావాలనే నెమ్మదిగా ఎత్తాడు.

"నీలంది లేచిందీ... గాల్లో ఉందీ..."

పక్క గదిలోని తల్లులు కూడా వచ్చి తొంగి చూసేలా కిలకిలా నవ్వాడు కోటి.

"నచ్చలేదాండీ?" అంది యశస్విని, నవ్వు ఆపుకోలేక.

"రెండోదే రాసీండి మేడం."

ఆ తర్వాత ప్రతి బుధవారం ఉమామహేష్ వచ్చేవాడు. జూలై వాన పట్టుకుంది. కోటిని రైన్‌కోట్లో చుట్టేసి తను తడిసి ముద్దయి వచ్చేవాడు.

"గొడుగు లేదా?" అని ఒకసారి ఆమె అడిగితే, "ప్రశ్న!" అన్నాడు. ఆమె తువ్వాలు తెచ్చి "తుడుచుకోండి" అంటే, "ఆర్డర్!" అన్నాడు. అప్పటి నుంచి యశస్విని మంగళవారం రాత్రే తువ్వాలు ఉతికి ఆరేసేది. ఎందుకో తనకే తెలియనట్టు ఉండేది.

కోటి కుదురుకుంటున్నాడు. కొరకడం తగ్గింది.

ఓ బుధవారం ఉమామహేష్ రాలేదు. వాళ్లమ్మ పోతమ్మ మనవడిని తీసుకొచ్చింది. కోటి లోపలికి వస్తూనే బ్లాకుల బుట్ట తన్నేశాడు. పోతమ్మ చేయి కొరికాడు.

"కోటి మావయ్య రాలేదేం?" అంది యశస్విని.

"వత్తాడులే తల్లీ," అంది పోతమ్మ. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. తర్వాతి బుధవారం కూడా అంతే. ఆడి ఆడి విసుగొచ్చి మానేశాడనుకుంది. మానేస్తే తనకేంటి అనుకుంది. తువ్వాలు మాత్రం మళ్లీ ఉతికింది.

మూడో బుధవారం తల్లితో, కోటితో కలిసి వచ్చాడు. ఇంకా నల్లబడి, ఇంకా గట్టిగా నవ్వుతూ. "బాగున్నారా మేడం? లోతుకెల్లిపోనాం, కోనాం చేప బాగా పడింది!"

యశస్వినికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు. పక్క బెంచీకే కాదు, ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వినబడేలా వచ్చింది. అదీ సబ్బవరం గొంతు.

"ఏటి బాగుండడం? సెప్పకుండా ఎల్లిపోతే ఇక్కడున్నోళ్లు ఏటనుకోవాల? వత్తారో రారో నాకేటి తెల్సు?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నేల చీలి మింగేస్తే బాగుండుననుకుంది.

ఉమామహేష్ నవ్వు ఆగిపోయింది. అతను ఆమెను కాదు, కోటిని చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు. "ఈడూ ఇదే అడుగుతన్నాడే."

"ఏటిరా?"

"ఏసంగి ఎండల్లో సర్కారు వేట బందెట్టినన్నాళ్లు బావా నానూ ఇంట్లోనే ఉన్నాం. అప్పుడు ఒక్కరినైనా కొరికాడా? బోట్లు కదిలాకే మొదలెట్టాడు. తెల్లారి లేచేసరికి నాన్న ఉండడు, నానుండను. కంపెనీ బస్సెక్కీసి అమ్మా ఉండదు. ఏడుత్తాడని నిద్దట్లోనే వదిలీసి పోతన్నాం కదా."

"మరి సెప్పెల్తారేటిరా?" అంది పోతమ్మ. "వేటకెల్లేవోడు ఎల్తన్నానని సెప్పకూడదు. పిల్లోడు ఎనకనుంచి పిలిత్తే ఇంకేమన్నా ఉందా? నీ తాత నాటి నుంచీ మన ఇంట్లో సెప్పి ఎల్లినోడు ఒక్కడూ నేడు."

యశస్విని పెదవి కొరుక్కుంది. సముద్రం మీదకు మగవాళ్లను పంపే ఇల్లు అది. ఆ భయాన్ని తను ఎలా తప్పనగలదు? అయినా కోటి కోసం చెప్పాలి.

"మామ్మగారూ, మీ పట్టింపు నేను కాదనను. కానీ వాడికి తెలియాలి. ఎవరు వెళ్తున్నారు, మళ్లీ ఎప్పుడొస్తారు... అది తెలియకే వాడు రోజూ భయపడుతున్నాడు. వెనక నుంచి పిలవకుండా, చెప్పే దారేదైనా ఉందేమో మీరే ఆలోచించండి."

పోతమ్మ చాలాసేపు మనవడి తల నిమిరింది. తర్వాత ఆమె మొహం విప్పారింది.

"ఎనక నుంచి పిలవకూడదు గానీ, ఎదురొత్తే మంచిదే కదేటి! పసిబిడ్డ ఎదురొత్తే గంగమ్మే ఎదురొచ్చినట్టు."

ఆ తర్వాత బోటు కదిలిన ప్రతిసారీ పోతమ్మ కోటిని ముందే లేపి జెట్టీ దగ్గరకు తీసుకెళ్లింది. కళ్లు నులుముకుంటూ వాడు జెట్టీ వైపు నుంచి నాన్నకూ మావకూ ఎదురు నడిచి వచ్చాడు. "ఎల్లొత్తాం నానా" అంటే మొదటిసారి ఏడ్చాడు. కానీ కొరకలేదు. బస్సెక్కే రాధకు సందు చివర్లో ఎదురొచ్చాడు. చవితి పందిళ్లు వేసేనాటికి ప్లేస్కూల్ సంచి భుజాన వేసుకున్నాడు. రాధ ఉద్యోగం నిలిచింది.

ఆఖరి బుధవారం కోటిని పోతమ్మ ఎత్తుకుని మెట్లు దిగింది. ఉమామహేష్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బయట వాన.

"అయిపోయిందా మేడం, థెరపీ?"

"అయిపోయిందండీ."

"అయితే మీరిప్పుడు మేడం కాదు కదా."

"ప్రశ్న," అంది, చాప అంచు వంక చూస్తూ.

"సరే. ప్రశ్న లేదు, ఆర్డరూ లేదు. ఉన్నది సెప్తాను." అతను గొంతు సవరించుకున్నాడు. మళ్లీ వేలం రాగమే, ఈసారి ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా. "ఒకడు గుమ్మంలో నిలబడ్డాడూ... ఆడి గుండె కొట్టుకుంటందీ... ఎదురుగా ఉన్న అమ్మాయి తలెత్తనేదూ... ఆడు శుక్రారం తెల్లారి వేటకెల్తన్నాడూ... ఈసారి సెప్పే ఎల్తన్నాడూ..."

యశస్విని తలెత్తింది. తువ్వాలు అతని చేతిలో పెట్టింది.

శుక్రవారం ఇంకా చీకటి విడలేదు. ఉమామహేష్ వల భుజాన వేసుకుని సందు దాటాడు. జెట్టీ వైపు నుంచి కోటి ఎదురొస్తున్నాడు. వాడి చేయి పట్టుకుని యశస్విని. తనూ ఎదురొస్తానని ముందురోజు సాయంత్రమే ఆమె వస్తే, పోతమ్మ రాత్రికి తమ ఇంట్లో రాధ పక్కన పడుకోబెట్టుకుంది. యశస్విని నాన్నకు ఫోన్ చేసి, "మీ అమ్మాయి మా ఇంటికి మంచి శకునమండీ, సమ్మందం మాటాడ్డానికి మేమే వత్తాం" అని కూడా చెప్పేసింది.

ఇద్దరూ ఎదురెదురుగా ఆగారు. మాట ముందు కోటే అందుకున్నాడు, అచ్చం మావ రాగంలో.

"మావ ఆగిపోయేడూ... మేడం నవ్వతందీ... మావ కూడా నవ్వతన్నాడూ..."

"ఎల్లొత్తాను," అన్నాడు ఉమామహేష్.

"ఎల్లి రండి," అంది యశస్విని. చెప్పి వెళ్లినవాడు కాబట్టి, వెనక నుంచి పిలవాల్సిన పని ఆమెకు పడలేదు.