ఆఖరి పాటలో కేక

"ఆ మీట మీద చెయ్యి వేశారంటే ఊరుకోను."

గొంతు డాక్టరుతో ఆమె అన్న మొదటి మాట అది. ఆ రికార్డింగ్ స్టూడియోలో ఆమెను అందరూ ఇంజనీరమ్మ అంటారు. పెద్దాయన హెడ్‌ఫోన్స్‌లో మోత తగ్గించబోయిన డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గాని, నవ్వు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మోత ఎక్కువైతే ఆయన ఇంకా గట్టిగా అరుస్తారండీ. ఆ గొంతుకి కాపలా నేను."

"ఈ మీటల బల్లకి కాపలా నేను."

"అయితే మనిద్దరిదీ ఒకే ఉద్యోగం అన్నమాట!"

ఆమె కళ్ళెర్రజేసింది. తర్వాత మోత తనే కాస్త తగ్గించింది.

పెద్దాయన హెవీ మెటల్ గాయకుడు. నల్లటి జుట్టు నడుం దాకా వేలాడే రోజుల నుంచి వేదికలు దద్దరిల్లేలా పాడుతున్నవాడు. ఇప్పుడా జుట్టు నెరిసి భుజాల దగ్గరే ఆగిపోయింది. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే కథ నడిచే ఆల్బమ్ చేస్తున్నాడు. మంచుకోటలో ఒక ముసలి కాపలావాడు, గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచి అతను సాకిన డ్రాగన్. దానికి రెక్కలు ముదిరాక, ఎగిరిపొమ్మని తరిమేయాలి. ఆఖరి పాటలో అతను పెట్టే కేక కోసమే తక్కిన పాటలన్నీ.

ఆ కేక ఒక్కసారికే డాక్టరు ఒప్పుకున్నాడు. గొంతులో పాత పుండు మళ్ళీ రేగితే ఉన్న మాట కూడా పోతుందని గట్టిగా చెప్పాడు.

కేక పెట్టాల్సిన రోజు మధ్యాహ్నం, వరండాలో టీ తాగుతూ డాక్టరు మెల్లగా అన్నాడు. "ఇవాళ్టితో నా పని అయిపోతుంది. రేపు పొద్దున్నే బయల్దేరాలి. వేరే ఊళ్ళో ఆసుపత్రి."

"మంచిదేగా" అంది ఆమె.

అని, నాలుక కరుచుకుంది. మంచిదేమిటి, నా మొహం! ఇన్నాళ్ళూ ఈ మనిషితో పోట్లాడటానికే కదా తను పెందలాడే పనికి వస్తోంది?

పెద్దాయన అద్దం అవతల మైకు ముందు నిలబడ్డాడు. డాక్టరు ఆమె పక్కనే, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాట మొదలైంది. డ్రమ్స్ ఆగాయి. కేక లేచింది. అద్దం వణికింది, బల్ల మీద టీ కప్పు వణికింది, ఆమె లోపల ఏదో ఊడి పడింది.

పెద్దాయన స్టూలు మీద కూలబడి బొటనవేలు పైకెత్తాడు.

పాట వినిపిద్దామని ఆమె మీట నొక్కింది. గిటార్ వచ్చింది. డ్రమ్స్ వచ్చాయి, ఆగాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఆమె బల్ల మీద మీటలన్నీ చూసుకుంది. ముందే రికార్డు చేసిన వాయిద్యాలను నడిపిందే గాని, పెద్దాయన మైకును రికార్డింగ్‌లో పెట్టనే లేదు. కేక గాలిలో కలిసిపోయింది.

మెషీన్ మొరాయించిందని చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఈలోగా పెద్దాయన తలుపు తోసుకుని రానే వచ్చాడు.

"ఏదీ, వినిపించమ్మాయ్."

"లేదండీ." ఆమె లేచి నిలబడింది. "మీ మైకు ఆన్ చెయ్యలేదు. తప్పు నాదే."

పెద్దాయన అద్దం గది వైపు తిరిగాడు. "అయితే ఇంకోసారి అరుస్తా."

డాక్టరు వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నన్ను తోసుకుని వెళ్ళాలి మీరు."

"అసలెందుకిలా జరిగింది?" పెద్దాయన ఆమెను అడిగాడు. "ఎప్పుడూ పొరపాటు పడని పిల్లవి!"

ఆమె తల వంచుకుంది. రేపటి నుంచి ఈ ఉద్యోగం ఉండదు, అతనూ ఉండడు. ఇక దాచుకుని ఏం చేసుకోవాలి?

"ఈయన్ని చూస్తున్నానండీ. రేపు వెళ్ళిపోతున్నారని..."

డాక్టరు తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేశాడు.

"నేనూ సార్..." డాక్టరు తడబడ్డాడు. "మీ గొంతు గమనించాల్సినవాణ్ణి. ఈవిడ అటు తిరిగినప్పుడల్లా అద్దంలో ఈవిణ్ణే చూస్తున్నాను."

"బాగుందర్రా! నేను ప్రాణం పెట్టి అరుస్తుంటే వినేవాడు ఒక్కడూ లేడన్నమాట!"

ఆమె ఏడ్చేసింది. పెద్దాయన నవ్వబోయి, ఆగి, కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ కేక నాకే నచ్చలేదమ్మాయ్. చేతుల్లో పెంచిన దాన్ని పొమ్మనడానికి అంత గొంతు ఎక్కడ లేస్తుంది? నా వాళ్ళను చాలామందిని అలాగే అరిచి పంపించాను. ఒక్కసారి మామూలుగా చెప్పి చూస్తాను. డాక్టరూ, మామూలుగా మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు సార్."

ఈసారి ఆమె అన్నీ రెండుసార్లు చూసుకుంది. డ్రమ్స్ ఆగాక, పెద్దాయన మైకు దగ్గరికి వంగి, పొమ్మనాల్సిన చోట, చిన్న పిల్లను బతిమాలినట్టు అన్నాడు.

"బయట చలిగా ఉంది. ఇవాళ్టికి ఉండు."

అంతే. పాట అయిపోయింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, మీ గొంతు రేపు ఒకసారి చూడాలి. ఎల్లుండి కూడా."

"రేపు వెళ్ళిపోతున్నారుగా?" అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"ఆసుపత్రికి ఫోన్ చేసి గడువు అడుగుతాను."

"వాళ్ళు ఒప్పుకోకపోతే?"

"వెళ్ళి, మళ్ళీ వస్తాను."

వెళ్ళినవాళ్ళందరూ అనే మాటే అది. అయినా ఆమె తల ఊపింది.

"నా గొంతుకి ఇప్పుడేమీ కాలేదు" అన్నాడు పెద్దాయన, కోటు తగిలించుకుంటూ. "మధ్యలోకి దాన్ని లాగకండి. ఏం చూడాలో మీరిద్దరే చూసుకోండి."