గుండీకి మధ్యాహ్నం పూట

"మా కుక్కపిల్లకి పాలు పోస్తున్నది మీరేనాండీ?"

కుట్టు మిషన్ ఆగింది. అమ్మాయి తలెత్తి చూసింది. ఎదుటి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వేళ్ళకి నల్లటి ఇంకు, చంకలో గోధుమరంగు కుక్కపిల్ల. కోపంగానే వచ్చాడు గానీ, కోప్పడటం పెద్దగా అలవాటున్న మనిషిలా లేడు.

"పోశాను. మీరు దాన్ని వసారాలో కట్టేసి లోపలికి వెళ్ళిపోతారు. పొద్దస్తమానం ఏడుస్తూ ఉంటుంది."

"ఏడిస్తే పాలు పోసెయ్యడమేనా? మూడు రోజుల్నించి విరేచనాలు దానికి. రెండు నెలల పిల్లకి ఆవుపాలు అరగవని పశువుల డాక్టరమ్మ నాకు చీవాట్లు పెట్టింది."

"నాకెవరు చెప్పారు?"

"మీరెవర్ని అడిగారు?"

షాపు ఆమె పిన్నిది. బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న పిన్ని తల ఎత్తకుండానే అంది. "మీ తగువు తర్వాత. ముందు ఆ పిల్ల ఏం మింగుతోందో చూడండి."

చంకలోంచి ఎప్పుడు జారిందో, కుక్కపిల్ల బల్ల కిందికి దూరి తెల్లటి చొక్కా గుండీ ఒకటి మింగేసి, ఇంకోటి దొరుకుతుందేమోనని వెతుకుతోంది.

పావుగంట తర్వాత ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. తప్పు చేసిన ఇద్దరు బడిపిల్లల్లా ఉన్నారు. గుండీ మర్నాడు తనే బయటికి వచ్చేసింది. పేరు మాత్రం కుక్కపిల్లకి ఉండిపోయింది.

---

డాక్టరమ్మ ఒక కాగితం మీద రాసిచ్చింది. రోజుకి నాలుగు పూటలు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ఎనిమిదింటికి. పప్పీ ఫుడ్ కప్పుతో కొలిచి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెట్టాలి. ఇన్నాళ్ళూ తింటున్న అన్నం ఒక్కసారిగా మానిపించకూడదు. వారం రోజులు అన్నం కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్త తిండి పెంచుకుంటూ పోవాలి. వారానికోసారి బరువు చూడాలి.

ప్రెస్సులో మెషిన్ చప్పుడుకి గుండీ వణికిపోయేది. అందుకని పగలంతా టైలరింగ్ షాపులో ఉండేట్టు, పొద్దునా రాత్రీ అబ్బాయి ఇంట్లో తినేట్టు ఒప్పందం కుదిరింది. పన్నెండింటికీ నాలుగింటికీ అబ్బాయే రోడ్డు దాటి వచ్చి పెట్టాలి.

"మీ మీద నమ్మకం లేక కాదు," అన్నాడు.

"మళ్ళీ పాలు పోస్తానని భయం. అంతేగా?"

"కొంచెం."

బరువు చూడటానికి పక్కనే ఉన్న మందుల షాపులో మెషిన్ ఉంది. గుండీ దాని మీద ఒక్క క్షణం కూడా నిలబడదు. అమ్మాయి దాన్ని ఎత్తుకుని ఎక్కాలి, తర్వాత దించి తనొక్కతే ఎక్కాలి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గుండీ బరువు వస్తుంది.

అబ్బాయి నోట్‌బుక్కులో రాశాడు. ఇద్దరూ యాభై రెండు. ఆవిడ నలభై ఎనిమిది. గుండీ నాలుగు.

"నా బరువు ఎందుకు రాయడం?"

"తీసివేత తప్పయితే మళ్ళీ చూసుకోవద్దా?"

"మీరే ఎత్తుకుని ఎక్కొచ్చుగా?"

"నా చేతికి ఇంకు ఉంటుందండీ. దానికి పడదు."

అది సాకు అని ఆమెకి తెలుసు. కానీ గుండీ ఆమె మెడకింద వెచ్చగా ముక్కు పెట్టి పడుకుని ఉంది. వాదించబుద్ధి కాలేదు.

---

మూడు నెలలు నిండగానే నాలుగింటి పూట తీసెయ్యమంది డాక్టరమ్మ. మొదటిరోజు నాలుగింటికి గుండీ గుమ్మం దగ్గరికెళ్ళి రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. అమ్మాయి మిషన్ తొక్కుతూ ఒకటి రెండుసార్లు అటే చూసింది. ఆ వేళకి ఎండ వాలి గుమ్మంలో పడేదని, అబ్బాయి ఆ ఎండలో గొంతుక్కూర్చుని గుండీ తినేదాకా ఏదో ఒకటి మాట్లాడేవాడని, అది ఆగిపోయాక తెలిసింది.

"దానికి ఆకలి కాదే అమ్మడూ, అలవాటు," అంది పిన్ని.

"దాని సంగతే చూస్తున్నాను పిన్నీ."

"నేనూ దాని సంగతే అన్నాను."

తర్వాత బడి యూనిఫారాల సీజన్ వచ్చింది. రెండు వందల నిక్కర్లు, రెండు వందల గౌన్లు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం అబ్బాయి కప్పుతో పాటు పెద్ద లంచ్ బాక్సు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నోట్‌బుక్కు తెరిచి ఆమె ముందుకి తోశాడు.

"చూడండి. నలభై ఎనిమిది. నలభై ఏడున్నర. నలభై ఏడు. మొన్న ఆదివారం నలభై ఆరు. గుండీ పెరుగుతోంది, మీరు తరుగుతున్నారు."

ఆమె సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది.

"మధ్యాహ్నం తింటున్నారా?"

"టైము ఉండట్లేదు."

"దానికి కప్పుతో కొలిచి, నానబెట్టి, నిమిషం అటూ ఇటూ కాకుండా పెడుతున్నాం. మీరేమో దాని పక్కనే కూర్చుని పస్తులుంటున్నారు. మా అమ్మ ఇద్దరికీ సరిపడా పెట్టింది. తినండి."

ఆమె తన బరువు గురించి ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడలేదు. అద్దంలో కూడా సరిగా చూసుకోని రోజుల్లో, ఒక మనిషి వారం వారం ఆ అంకెని చూసి బెంగపడుతున్నాడు. బాక్సు మూత తీసి ముద్ద కలిపింది.

అప్పట్నించీ గుండీతో కలిపి ముగ్గురూ పన్నెండింటికే తినేవాళ్ళు. పిన్ని మాత్రం, "నాకు ఆలస్యంగా ఆకలేస్తుంది," అని ఏదో ఒక పని పెట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయేది.

---

ఆరో నెల టీకాకి అబ్బాయికి వీలుపడలేదు. ప్రెస్సులో అర్జెంటు పని. అమ్మాయే తీసుకెళ్ళింది.

"బాగా పెరిగింది," అంది డాక్టరమ్మ గుండీ పక్కటెముకలు తడిమి చూస్తూ. "ఇంక రెండు పూటలు చాలు. మధ్యాహ్నం తీసెయ్యండి. ఈ వయసులో ఒళ్ళు చేస్తే కీళ్ళకి మంచిది కాదు."

షాపుకి తిరిగొచ్చేసరికి అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. "ఏమంది డాక్టరమ్మ?"

"బాగుందంది."

"ఇంకేం చెప్పలేదా?"

"లేదు."

అబద్ధం ఇంత చిన్నగా ఉంటుందని ఆమె అనుకోలేదు. మర్నాడు పన్నెండింటికి కప్పు వచ్చింది, లంచ్ బాక్సు వచ్చింది. గుండీ తోక ఊపుతూ తినేసింది. ఆమెకి మాత్రం తిన్నది ఒంటబట్టలేదు. నాలుగింటి పూట పోయినట్టే ఇదీ పోతే, ఆయన రోడ్డు దాటి రావడానికి కారణం ఏముంటుంది? రేపు చెబుతాను అనుకుంది. మూడు వారాలు రోజూ అలాగే అనుకుంది. ఆదివారాలు బరువు చూడటం కూడా ఏదో ఒక పని చెప్పి తప్పించింది.

నాలుగో వారంలో ఒక ఉదయం గుండీ షాపు పెరట్లోంచి ముందుకాలు ఎత్తిపెట్టి కుంటుతూ వచ్చింది.

కీళ్ళ గురించి డాక్టరమ్మ అన్న మాట ఆమెకి గుర్తొచ్చింది. పిన్నికి కూడా చెప్పకుండా దాన్ని నడిపించుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. కూర్చోకముందే అంతా చెప్పేసింది. మధ్యాహ్నం పూట మాన్పించలేదనీ, తప్పంతా తనదేననీ.

డాక్టరమ్మ పాదం తిప్పి చూసి, చిన్న ముల్లు ఒకటి లాగి చూపించింది. తర్వాత గుండీని పెద్ద మెషిన్ ఎక్కించింది.

"పదిహేను. ఉండాల్సినంతే ఉంది. మూడు పూటలు నిజంగా పెట్టారా?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ."

"మరి ఎక్కడో తగ్గుతూ ఉండాలి," అంది డాక్టరమ్మ.

---

పన్నెండింటికి అబ్బాయి వచ్చాడు. కప్పు కింద పెట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టకండి. ఈ పూట మానెయ్యమని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. నేను మీకు చెప్పలేదు."

అతను కప్పు బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు చెప్పలేదని అడగరా?"

"అడగను."

"కోపమా?"

అతను జేబులోంచి నోట్‌బుక్కు తీసి ఒక పేజీ తెరిచాడు. టీకా వేసిన రోజు తేదీ ఉంది. దానికింద, పొద్దున ఒకటిన్నర కప్పులు కొట్టేసి, ఒకటి. రాత్రి ఒకటిన్నర కొట్టేసి, ఒకటి. మధ్యాహ్నం ఒకటి. మొత్తం మూడు.

ఆమె ఆ అంకెల్ని వేలితో కూడి చూసింది.

"పప్పీ ఫుడ్ సంచి వెనకాల రాసి ఉందండీ, ఆరు నెలలు దాటితే రెండు పూటలని, పూటకి ఒకటిన్నర కప్పులని," అన్నాడు. "మీరు చెబుతారేమోనని ఆరోజు గుమ్మంలో నిలబడ్డాను. మీరు లేదన్నారు. నాకు ఎంత హాయి అనిపించిందో. రోజు మొత్తమ్మీద ఎక్కువ కాకుండా చూస్తే దానికేం కాదనుకున్నాను."

"నేను భయంతో చచ్చిపోతున్నాను ఇక్కడ."

"నాకు తెలీదు. తెలిస్తే చెప్పేవాణ్ణి."

"ఏమని?"

అతను గుండీ వైపు చూశాడు. గుండీ కప్పు వైపు చూస్తోంది.

"దీని పూట మానేసినా నా పూట మానలేనని."

వెనక గదిలోంచి పిన్ని గొంతు వచ్చింది. "ఆ మాటకి అయిదు నెలలు పట్టింది. ఈలోగా కుక్కపిల్ల దూడంత అయింది."

ఇద్దరూ తల వంచుకున్నారు. పిన్ని బయటికి వచ్చి, మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది. "అబ్బాయీ, మీ అమ్మగార్ని ఆదివారం ఓసారి రమ్మను. ఇన్నాళ్ళూ ఆవిడ చేతి అన్నం తిన్నది మా పిల్ల. ఒక జాకెట్టైనా కుట్టిపెట్టాలి కదా. మిగతా మాటలు కొలతలు తీసుకుంటూ మాట్లాడుకుంటాం."

---

మర్నాడు పన్నెండింటికి కప్పు రాలేదు. లంచ్ బాక్సు వచ్చింది. గుండీ అతని రెండు చేతులూ వాసన చూసి, నమ్మలేక ఇంకోసారి చూసి, బల్ల కిందికి పోయి వీపు తిప్పి పడుకుంది.

ఆదివారం మందుల షాపులో ఆమె గుండీని ఎత్తబోయింది. దాని కాళ్ళు నేల వదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించి నవ్వేసింది.

"ఇంక నావల్ల కాదు. నువ్వెక్కు."

నువ్వు అన్నానని ఆమెకి అన్న తర్వాత తెలిసింది. అతను ముందుకి వచ్చాడు. చేతులు రెండూ ముందే సబ్బుతో రుద్ది కడుక్కుని వచ్చాడు. గుండీని ఎత్తుకుని మెషిన్ ఎక్కాడు. తర్వాత దాన్ని దించి ఒక్కడే ఎక్కాడు.

ఆమె నోట్‌బుక్కు అందుకుంది. ఇన్ని పేజీల్లో ఎక్కడా లేని అంకెని మొదటిసారి తన చేత్తో రాసింది.

"నాది ఎందుకు రాయడం?" అన్నాడు.

"తరిగితే తెలియాలిగా," అంది.