క్యాలెండరు వెనక రాసిన వేళలు

పొద్దున్న ఆరున్నరకి, పాలు పొంగిపోకుండా గరిట పట్టుకుని నిలబడ్డ కోడలి ఫోను కిటికీ గట్టు మీద గుర్రుమంది. ఆమె చదివి ఫోనుని బోర్లా పెట్టేసింది.

"ఎవరమ్మాయ్?" అంది అత్తగారు, కళ్లద్దాలు వెతుక్కుంటూ.

"ఇంకెవరు అత్తయ్యా, ఇస్త్రీ మొహమే. రేపు ఏడింటికల్లా రమ్మంటున్నాడు."

కోడలు హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పార్ట్‌టైం పని చేస్తోంది. ముఖంలో ఒక్క ముడతైనా కదలని సూపర్‌వైజరుకి ఆ పేరు పెట్టింది తనే. రేపు పొద్దున్నే అత్తగారికి కంటి శుక్లం ఆపరేషను. వెంట మనిషి లేకపోతే చెయ్యరు. ఇలాంటి పిలుపే వచ్చి ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే.

"వెళ్లు తల్లీ. కన్ను ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుందిగా" అంది అత్తగారు నవ్వబోతూ.

"రానంటే వచ్చేవారం ఒక్క షిఫ్టూ ఇవ్వడు. మడతలు పెట్టే ఆమెని అలాగే ఏడిపించాడు."

వచ్చే నెలలో ఇంకో తేదీ దొరుకుతుందేమో చూద్దామని, కోడలు గోడ మీది క్యాలెండరు విసురుగా తిప్పింది. కాగితం వెనకవైపు పెన్సిలుతో వంకర అక్షరాలు. '5.50 వెళ్లింది. 3.40 వచ్చింది.' ముందు నెల కాగితం వెనకా అవే. దాని ముందుదాని వెనకా అవే.

"ఇదేంటి? నేను ఎప్పుడు వెళ్తున్నానో ఎప్పుడు వస్తున్నానో రాసుకుంటున్నారా?"

"అది కాదమ్మాయ్..."

"మరేంటి? అక్కడ ఆయన గడియారం పట్టుకుని, ఇక్కడ మీరు పెన్సిలు పట్టుకుని! ఇంత కాపలా ఎందుకు? ఎక్కడికి పారిపోతానని?"

అత్తగారు మంచం అంచున కూర్చుంది. "మొత్తం చదువు" అంది మెల్లగా.

'5.50 వెళ్లింది. మలుపు దగ్గర చెయ్యి ఊపింది. 3.40 వచ్చింది. అమ్మయ్య.'

'11.15 ఇప్పుడే రమ్మన్నారట. తొందరలో వెనక్కి చూడలేదు. 6.20 వచ్చింది. అమ్మయ్య.'

ప్రతి వరసా 'అమ్మయ్య' తోనే ముగిసింది.

"ఆ రోజు అబ్బాయి 'వస్తానమ్మా' అన్నప్పుడు నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. తలెత్తకుండానే 'ఊఁ' అన్నాను. ప్రమాదంలో వాడు పోయాక, ఎన్నింటికి బయల్దేరాడని పోలీసులు అడిగితే చెప్పలేకపోయాను. అందుకని నువ్వు వెళ్లేటప్పుడు..."

కోడలు గరిట పక్కన పెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. కోడలు పొయ్యి ఆపేసింది.

అత్తగారు లేచి, దిండు కింద నుంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. కోడలు పనిలో చేరినప్పుడు సంతకం పెట్టి అల్మరాలో పడేసిన ఒప్పందం. యాభై దాటాక పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్న మనిషి ఆవిడ. ఇంట్లోకి వచ్చిన కాగితాన్ని చదవకుండా వదలదు.

"నాలుగు మధ్యాహ్నాలు కూడబలుక్కుని చదివాను. ఏడో పేరా చూడు."

వారానికి పదహారు గంటలు. షిఫ్టు మారిస్తే నాలుగు రోజుల ముందు చెప్పాలి. ఆలస్యంగా చెబితే పనివారు రానని అనవచ్చు. రానన్నందుకు షిఫ్టులు తగ్గించకూడదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?"

"చదువుకున్నదానివి, నీకు తెలియదా అనుకున్నాను."

కోడలు ఒక చేత్తో ఒప్పందం, ఇంకో చేత్తో క్యాలెండరు పట్టుకుని ఫోను చేసింది.

"సార్, రేపు నేను రాను. ఏడో పేరా ప్రకారం మీరు నాలుగు రోజుల ముందు చెప్పాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా అత్తగారు."

"ఆవిడ లాయరా?"

"కాదు సార్. చదువుతారు." కోడలు గొంతు సవరించుకుంది. "పదహారు గంటలని రాసి పదకొండు వారాలుగా ఇరవై ఆరు చేయించారు. ఏ రోజు ఎన్నింటికి పిలిచారో అన్నీ రాసి ఉన్నాయి. రేపు రాలేదని నా గంటలు తగ్గిస్తే, ఇవన్నీ పట్టుకుని పెద్దాఫీసుకి వెళ్తాను."

అవతల యంత్రాల చప్పుడు మధ్య ఆయన గొంతు తగ్గించాడు.

"సరేలే. వచ్చేవారం షిఫ్టులు సాయంత్రానికల్లా పంపిస్తాను. రేపటి పని చూసుకో."

ఫోను పెట్టేశాక కోడలు నేల మీద కూలబడి అత్తగారి ఒడిలో తల పెట్టింది. "నా కోసం ఎదురుచూసే మనిషిని పట్టుకుని కాపలా అన్నాను."

"కాపలాయేలే" అంది ఆవిడ, జుట్టు నిమురుతూ. "నువ్వు తిరిగొచ్చిన ప్రతిసారీ నాకు ఇల్లు మళ్లీ ఇచ్చినట్టుంటుంది తల్లీ."

మర్నాడు గుమ్మం దాటబోతూ కోడలు ఆగి, పెన్సిలు తీసుకుని క్యాలెండరు వెనక రాసింది. '7.40. ఇద్దరం వెళ్లాం.'

"మరి మలుపు దగ్గర చెయ్యి ఊపేదెవరు?" అంది అత్తగారు.

"ఈ పూట ఊపడాలు లేవు అత్తయ్యా. పట్టుకోండి" అని కోడలు చెయ్యి చాపింది.