‘ఇద్దరికి’ అని రాసిన ప్యాకెట్లు

“మెషీన్‌కి సూప్ తాగించారా?”

టైలరమ్మాయి నడుము మీద చెయ్యి వేసుకుని అడిగింది. పై అంతస్తులో ఉండే కళ్ళజోళ్ళాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతను అరువు తీసుకెళ్ళిన ఆమె వాక్యూమ్ సీలర్, కవర్లో గాలి లాగేసి మూతి అతికించే మెషీన్, ఇప్పుడు అతని చేతుల్లో ఉంది. అందులోంచి టమాటా సూప్ ఎర్రగా కారుతోంది.

“గాలి లాగేస్తుందన్నారు కదండీ...”

“గాలితో పాటు దొరికిందల్లా లాగేస్తుంది! పల్చటివి ముందు డబ్బాలో గడ్డకట్టించాలి, ఆ తర్వాతే కవర్లో పెట్టాలి. ఊరందరికీ చూపు సరిచేస్తారు, మాన్యువల్ చదవడానికి మీకే కళ్ళు లేవా?”

లోపల్నుంచి ఆమె పిన్ని నవ్వింది. “అబ్బాయిని లోపలికి రమ్మనవే. తిట్టేదేదో కూర్చోబెట్టి తిట్టు.”

అలా మొదలైంది. అతను వీధి మలుపులోని కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు, ఒంటరిగా ఉంటాడు. ఆదివారం వండుకుని వారమంతా తినాలని అతని ప్లాను. అతని బుల్లి ఫ్రిజ్‌లో ఐస్ ట్రే తప్ప మరేదీ పట్టదు. పిన్ని జాలిపడి తమ ఫ్రీజర్‌లో కింది అర అతనికి ఇచ్చేసింది.

ప్రతి ఆదివారం అతను గిన్నెలు పట్టుకుని మెట్లు దిగేవాడు. టైలరమ్మాయి కవరు అంచు తడి లేకుండా తుడిచి, ముడత పడకుండా పరిచి, మెషీన్ మూత నొక్కేది. మెషీన్ బుర్రుమనేది, కవరు కూరని గట్టిగా కరుచుకునేది. ఆ అరగంట కోసం ఆమె ఎవరికీ కొలతలు తీయకుండా ముందు గదిలోని తన కుట్టు దుకాణం మూసి ఉంచేది. ఎందుకో పిన్నికి తెలుసు, ఆమెకీ తెలుసు. అతనికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఒక శుక్రవారం బఠానీల కోసం ఫ్రీజర్ తెరిస్తే అతని ప్యాకెట్ ఒకటి జారి కాలి దగ్గర పడింది. సీలయ్యాక పేర్లు రాసి అరలో సర్దుకునేది అతనే, ఆమె ఎప్పుడూ చదవలేదు. పైన మార్కర్‌తో ‘చికెన్ కూర’ అని రాసుంది, పక్కన తేదీ, కింద చిన్నగా ‘ఇద్దరికి’. ఇంకోటి తీసింది. అదీ ఇద్దరికే. అరలో ఉన్న ఎనిమిదీ ఇద్దరికే!

అతనికి ఆకలెక్కువ కాబోలు, అందుకే పెద్ద ప్యాకెట్లు అనుకుంది ఇన్నాళ్ళూ. కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకూడదని నేర్పింది తనే. అంటే విప్పిన ప్యాకెట్ ఆ పూటే అయిపోవాలి. మరి ఆ రెండో కంచం ఎవరిది?

ఒళ్ళు భగ్గుమంది.

“పిన్నీ, ఈయనకెవరో ఉన్నారు.”

“ఉంటే నీకేంటే?”

“నాకేంటా? నా మెషీను, నా కవర్లు, నా ఫ్రీజరు! దర్జాగా కూర్చుని తినేది ఇంకెవతో!”

“ఓహో, నీ బాధంతా కవర్ల గురించేనా?” అంది పిన్ని, నవ్వాపుకుంటూ.

ఆ రోజు కుట్టిన ప్రతి కుట్టూ వంకరే పోయింది. అతని దుకాణంలో ఫ్రేములు తుడిచే పిల్లేనా? లేక వారం వారం కళ్ళు పరీక్షించుకునే ఆ డాన్స్ టీచరా? ఎవరి కళ్ళయినా వారానికోసారి చెడతాయా!

శనివారం పొద్దున్నే అతను ప్యాంటు పట్టుకొచ్చాడు. “నడుము ఇంకాస్త వదులు చెయ్యాలండీ.”

మూడు నెలల్లో ఇది మూడోసారి.

“ఎవరో కొసరి కొసరి వడ్డిస్తున్నట్టున్నారు. బాగా ఒంటబట్టింది,” అంది.

అతను చెవుల దాకా ఎర్రబడి, ప్యాంటు అక్కడే పెట్టేసి మెట్లెక్కేశాడు. ఇక ఆమెకి ఏ అనుమానమూ మిగల్లేదు.

చేతిలో సూది ఉంది. తిన్నగా వెళ్ళి ఫ్రీజర్ తెరిచింది. ఎనిమిది ప్యాకెట్లకీ ఎనిమిది పోట్లు పొడిచింది. గాలి దూరాలి, మంచు పట్టాలి, కూర ఎండి పీచైపోవాలి. ఆ మహాతల్లి మొదటి ముద్దకే మొహం చిట్లించాలి.

ఆదివారం అతను అర లాగి చాలాసేపు చూశాడు.

“అన్నీ వదులైపోయాయండీ. నేనే కవర్లు సరిగ్గా పట్టుకోలేదేమో.”

తప్పు తన మీద వేసుకుంటుంటే ఆమెకి మనసు చివుక్కుమంది. అతను జేబులోంచి దుకాణం భూతద్దం తీసి సీలు పొడవునా వెతికాడు. తర్వాత కవరు మధ్యలో ఆగాడు.

“సీలు బాగానే ఉంది. ఇక్కడ సన్నగా, గుండ్రంగా చిల్లుంది.” ఇంకోటి తీశాడు. “దీనికీ ఉంది.” అతని చూపు మెల్లగా ఆమె చేతికున్న సూదుల దిండు మీదికి వెళ్ళింది.

“అవును, నేనే పొడిచాను.”

“ఎందుకండీ?”

“ఎవరావిడ?”

“ఏ ఆవిడ?”

“ఇద్దరికి, ఇద్దరికి అని రాస్తున్నారే, ఆ రెండో మనిషి! నేనిక్కడ పక్కన నిలబడి సీల్ చేసిస్తుంటే, మీరు తీసుకెళ్ళి ఇంకెవరికో వడ్డిస్తున్నారు. నాకు కుళ్ళు. కడుపు మండిపోతోంది. చాలా?” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతను భూతద్దం దించాడు.

“ఎవరూ లేరండీ. ఈసారైనా మిమ్మల్ని భోజనానికి పిలుద్దామని ప్రతిదీ ఇద్దరికి కడతాను. వేడి చేసి మీ గుమ్మం దాకా వస్తాను. లోపల కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తుంది. పనిలో ఉన్నారు, తిడతారేమోనని వెనక్కెళ్ళిపోతాను. కరిగించింది మళ్ళీ లోపల పెట్టకూడదని మీరే అన్నారాయె...”

“అయితే?”

“రెండు వాటాలూ నేనే తింటున్నాను. ప్యాంటు ఎందుకు బిగుతవుతోందనుకున్నారు?”

వంటింట్లో పిన్ని పకపకా నవ్వుతూ గోడ పట్టుకుంది. టైలరమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

“పిలవడానికేం? నోరు కూడా సీల్ చేసుకున్నారా?”

“ఇప్పుడు పిలుస్తున్నాను. గాలి తగిలినవి ఎన్నాళ్ళుంటాయండీ?”

“ఎక్కువ రోజులుండవు. త్వరగా తినెయ్యాలి.”

“ఎనిమిదున్నాయి. ఎనిమిది రోజులు మా ఇంటికి భోజనానికి రండి.”

“తొమ్మిదో రోజు?”

“ఆ రోజు మా అమ్మ వస్తుంది. మిమ్మల్ని చేసుకుంటానని ఆవిడకి చెప్పి మూడు నెలలైంది.”

పిన్ని నవ్వు ఆపేసి, “రమ్మను బాబూ, నేను మాట్లాడతాను,” అంది.

టైలరమ్మాయి తలవంచుకుని ఒక ప్యాకెట్ అందుకుంది. అంతలోనే ఏదో తట్టి, చురుగ్గా తలెత్తింది.

“అంటే, నాకంటే ముందు ఆవిడకి చెప్పారా?”