సత్యలక్ష్మి గొంతు

మా వెంగళరావు నగర్ పార్కులో నన్ను రేడియో అంటారు. ఈ స్టేషన్ మూయరని వాళ్ళ వెక్కిరింపు. ఇంటర్ తప్పినవాణ్ణే గానీ, మాటల్లో మాత్రం ఎక్కడా తప్పలేదు. అలాంటి ఈ బసవపున్నయ్య ఈ సంగతి నోటితో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాడంటే కారణం ఉంది. వస్తా, అక్కడికే వస్తా.

జూబ్లీహిల్స్ గుట్ట మీద, బండరాళ్ళ మధ్య అద్దాల మ్యూజియం ఒకటుంది. పాత సినిమా నిర్మాత ఒకాయన మనవలు తాత ఇల్లు పడగొట్టి కట్టించారు. బుధవారాలు పెద్దవాళ్ళకి టికెట్ లేదు. ఏసీ, మెత్తటి బల్లలు, చల్లటి మంచినీళ్ళు. ఈ వయసులో ఇంకేం కావాలండీ? అమీర్‌పేటలో మెట్రో మారి, చెక్‌పోస్టులో దిగి, ఆటోవాడితో కాసేపు బేరమాడి, హాయిగా వెళ్ళేవాణ్ణి.

మొదట్లో అక్కడి వస్తువులు చూసి తెగ నవ్వుకున్నా. గోడ మీద పెద్ద అక్షరాలతో 'శాశ్వత సేకరణ' అని రాసుంటుంది. మణిపూర్ ఆవిడెవరో తల వెంట్రుకలతో నేసిన దుప్పటి. కేరళ కుర్రాడు తెచ్చిపెట్టిన పడవ ముక్క. ఆఫ్రికా నుంచి వచ్చినాయన కాలిన కుర్చీలు గోడకెక్కించాడు. కోరాపుట్ అమ్మాయి ఒకతె బియ్యప్పిండితో బుల్డోజర్ ముగ్గేసింది. చూడగా చూడగా నవ్వు తగ్గింది. ఎవరి గోడు వాళ్ళు అక్కడ తెచ్చిపెట్టుకున్నారు. ప్రతిదాని పక్కనా చిన్న చీటీ, దాని మీద పేరు, ఊరు. నాకన్నిటికంటే ఆ చీటీలే నచ్చేవి. సినిమా కంపెనీ కారు నడిపి బతికినవాణ్ణి, తెర మీద పేరు పడటమంటే ఏంటో నాకు తెలుసు.

ఆ హాలు చివర నల్లటి తెర, దాని వెనక చీకటిగది. కాపలా ఉండే జగదీశ్ మంచివాడు, నాకు దోస్తు.

"గాడికి పోకు కాకా. బొమ్మలేం లేవు, ఒట్టి అరుపులే. దినమంతా ఇని ఇని నాకు అన్నం సైస్తలేదు," అన్నాడు.

పోవద్దంటే ఆగుతానా? తెర తీసుకుని వెళ్ళా.

లోపల నా చెయ్యి నాకు కనబడలేదు. కొత్త కార్పెట్ వాసన. గోడల్లోని స్పీకర్లలోంచి సన్నగా గుర్రుమనే చప్పుడు. కాళ్ళతో తడుముకుని బల్ల మీద కూర్చున్నా. కాసేపటికి ఎవరో ఊపిరి పీల్చారు, చెవి పక్కనే. ఆ తర్వాత అరుపు.

ఆడమనిషి అరుపు. పైకి లేచి, చివర్లో రెండుగా చీలి, చిన్న దగ్గుతో ఆగింది.

ఆ దగ్గు నాకు తెలుసండీ. నా భార్య సత్యలక్ష్మిది.

ఆవిడ డబ్బింగ్ చెప్పేది. మాటలు కాదు, మాటలకి వేరే పెద్ద ఆర్టిస్టులుండేవారు. హీరోయిన్‌ని విలన్ పట్టుకున్నప్పుడు, చెల్లెలి పాత్ర మేడ మీంచి పడ్డప్పుడు, పురిటినొప్పులప్పుడు వచ్చే అరుపులు మావిడవి. గొంతు పాడవుతుందని ఎవరూ ఒప్పుకోరు, అందుకని ఈవిణ్ణి పిలిచేవారు. తీసుకెళ్ళే కారుకి డ్రైవర్ని నేను. "బండి తెమ్మంటారా అమ్మా?" ఆవిడతో నేనన్న మొదటి మాట అదే. ఆవిడ తలూపింది. గొంతుకి మంచిదని బుగ్గలో అతిమధురం చెక్క పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. శ్రీనగర్ కాలనీ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా నేనే వాగాను. పెళ్ళయ్యాకా అంతే. గొంతు దాచుకోవాలి కదా, ఇంట్లో సైగలే. మాటలన్నీ నావి, గొంతంతా సినిమావాళ్ళది. ఆఖరికి గొంతు జబ్బుతోనే పోయింది. ఒక్క సినిమాలో పేరు పడలేదు. ఆవిడ మాట్లాడిన ముక్క ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

బయటికొచ్చి చీటీ చదివా. ప్రణవి అనే ఆర్టిస్టు పేరు ఉంది. మూసేసిన డబ్బింగ్ థియేటర్ నుంచి పాత టేపులు తూకానికి కొని ఇది తయారు చేసిందట. కింద 'అనామక స్వరాలు' అని ఉంది.

అనామక! నేను తాళి కట్టిన మనిషండీ!

ఆఫీసులో స్ఫూర్తి అని ఒకమ్మాయి ఉంటుంది, సేకరణంతా ఆమె చేతిలోనే. శ్రద్ధగా విన్నది, కాదనను.

"సో స్వీట్ అంకుల్! కానీ ఆ వర్క్ కాన్సెప్టే అది. వాళ్ళు ఎవరో తెలియకపోవడమే అందులో పాయింట్."

"నాకు తెలుసు కదమ్మా ఎవరో. సత్యలక్ష్మి. చిన్న చీటీ, చిన్న అక్షరాలు చాలు."

"పర్మనెంట్ కలెక్షన్‌లో లేబుల్ మార్చాలంటే ఆర్టిస్ట్ ఒప్పుకోవాలి, కమిటీ ఒప్పుకోవాలి. ప్రూఫ్ ఏమైనా ఉందా? ఏ సినిమా టైటిల్స్‌లో అయినా ఆంటీ పేరు?"

పేరు వేసుంటే నేనెందుకమ్మా నీ దగ్గరికొస్తాను? ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగి, నవ్వి, నమస్కారం పెట్టి వచ్చేశా.

కానీ వదల్లేదు. ప్రతి బుధవారం వెళ్ళడం, స్ఫూర్తిని అడగడం, తర్వాత చీకట్లో కూర్చుని సత్యతో మాట్లాడటం. టమాటా ధర, పార్కులో పేకాట గొడవ, మా అమ్మాయి మనోజ్ఞ కొత్త స్కూటరు, అన్నీ చెప్పేవాణ్ణి. మధ్యమధ్య ఆవిడ అరిచేది. జనం నన్ను పిచ్చివాడనుకుని లేచిపోయేవారు. పోనీ.

ఒకరోజు అరుపు ఆగాక, చాలా చిన్నగా, "బాగుందా అండీ?" అని వినిపించింది.

బయటికి పరిగెత్తా. "జగదీశూ, ఆ టేపులో మాటలున్నాయా?"

"మాటలెక్కడియి కాకా? ఒట్టి అరుపులే. నాకు వరస గిట్ల నోటికొచ్చు," అన్నాడు.

ఆ తర్వాతి బుధవారం ముసురు పట్టింది. సాయంత్రమే చీకటి పడ్డట్టుంది, మ్యూజియం చూడ్డానికి వచ్చింది నేనొక్కణ్ణే. స్ఫూర్తి ఆరోజు గట్టిగానే చెప్పింది, కమిటీ కుదరదందని. ఇంక అడగొద్దంది. నేను లోపలికెళ్ళి బల్ల మీద కూలబడ్డా.

"నా వల్ల కాలేదే సత్యా. నీ పేరు వేయించలేకపోయా," అన్నా.

అప్పుడే టప్‌మని చప్పుడైంది. గోడల్లో గుర్రుమనే మోత ఆగిపోయింది. మూసే వేళైందని జగదీశ్ కరెంటు తీసేశాడని అర్థమైంది.

లేవబోయా.

ఎవరో ఊపిరి పీల్చారు.

స్పీకర్లు ఆగిపోయాయి కదా... ఈ ఊపిరి ఎక్కడిది? కార్పెట్ వాసన లేదు. అతిమధురం వాసన. తడితడిగా... నమిలిన చెక్క వాసన. నా మొహానికి బాగా దగ్గరగా.

"ఏమండీ..."

"సత్యా?"

"ఎప్పుడూ మీరే మాట్లాడతారు."

గొంతు గుసగుసగా ఉంది. కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"వాళ్ళు... వాళ్ళు ప్రూఫ్ అడుగుతున్నారే..."

"అందరి నోళ్ళకీ డబ్బింగ్ చెప్పాను. మీ నోటికి చెప్పలేదు."

"ఏంటి?"

"నోరు తెరవండి."

తెరవలేదు. ఒట్టు, నేను తెరవలేదు. పెదాల మీద చల్లగా ఏదో తగిలింది. పళ్ళ సందున దూరింది. తీపి. నాలుక మీద తీపి... గొంతులోకి దిగింది. దవడ దానంతటదే కిందికి జారింది.

"మీరు కదపండి," అంది. "నేను చెబుతాను."

అరుపు వచ్చింది. పైకి లేచి, రెండుగా చీలి, చిన్న దగ్గు.

ఈసారి గోడల్లోంచి కాదు.

తెర లాగుతూ స్ఫూర్తి ఫోన్ లైటుతో వచ్చింది. వెనక జగదీశ్.

"ఎవరది? లోపల లేడీ ఎవరున్నారు? జగదీశ్, స్పీకర్స్ ఆఫ్ చేయలేదా?"

"మెయినే బంద్ చేసిన మేడం."

లైటు నా మొహం మీద పడింది. ఎవరూ లేరమ్మా అని చెప్పబోయా. నా పెదాలు కదిలాయి. ఒక్క క్షణం ఆలస్యంగా మాట వచ్చింది, సింక్ తప్పిన సినిమాలో లాగ.

"సత్యలక్ష్మి అని రాయండి."

స్ఫూర్తి చేతిలో ఫోన్ కిందపడింది.

ఇంటికెలా చేరానో తెలీదు. నోరు గట్టిగా మూసుకునే ఉన్నా. పొద్దున మనోజ్ఞ ఫోన్ చేసింది. అలవాటు కొద్దీ ఎత్తి హలో అన్నా. అవతల చిన్నపిల్లలా, "అమ్మా?" అంది.

ఫోన్ పెట్టేశా. అప్పట్నుంచీ నేను మాట్లాడలేదు. పార్కులో రేడియో పాడైపోయిందని నవ్వుకుంటున్నారు. గొంతుకి ఆపరేషన్ అని రాసి చూపించా.

నిన్న బుధవారం. ఉండబట్టలేక మ్యూజియానికి వెళ్ళా. చీకటిగది ముందు ఇదివరకెన్నడూ లేనంత జనం. లోపల్నుంచి నవ్వులు.

"చూసినవా కాకా," అన్నాడు జగదీశ్. "అరుపులు బంద్ అయినయ్. ఎవరో ముసలాయన ముచ్చట్లు పెడ్తుండు. టమాటల రేటట, పేకాటట. మస్తు నవ్వుతున్రు. జర నీ గొంతు లెక్కనే ఉన్నది."

తెర పక్కన నిలబడి విన్నా. నా గొంతే. నేను సత్యకి చెప్పినవన్నీ నా గొంతు నవ్వుతూ, దగ్గుతూ, ఊళ్ళోవాళ్ళకి చెబుతోంది. చీటీ మాత్రం మారలేదు. 'అనామక స్వరాలు'.

స్ఫూర్తి దగ్గరికెళ్ళి కాగితం మీద రాసిచ్చా. 'ఇది నా గొంతు. ముందున్నది మా ఆవిడది. ఇద్దరి పేర్లూ వెయ్యండి.'

చదివి, జాలిగా నవ్వింది. ఆ సాయంత్రం సంగతి ఆమెకి గుర్తే లేనట్టుంది, లేదా వద్దనుకుంది.

"ప్రూఫ్ కావాలి కదా అంకుల్. పోనీ, ఒక్క ముక్క మాట్లాడండి. మ్యాచ్ అవుతుందేమో చూద్దాం."

నోరు బిగించుకుని నిలబడ్డా. నాలుక మీద తీపి ఊరింది.

వెళ్ళిపోతుంటే చీకటిగదిలోంచి కొత్త దంపతులు వచ్చారు. లోపలికి నవ్వుతూ వెళ్ళినవాళ్ళే. ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది, అబ్బాయి తలూపుతున్నాడు గానీ నోరు విప్పడంలేదు. బుగ్గలో ఏదో పెట్టుకుని చప్పరిస్తున్నట్టు దవడ ఆడుతోంది. అతని వెనక, గదిలో, నా గొంతు టక్కున ఆగిపోయింది.

మెట్ల దగ్గర నన్ను దాటి వెళ్తూ అతను ఆగాడు. నా కళ్ళలోకి చూశాడు. పెదాలు ముందు కదిలాయి. మాట తర్వాత వచ్చింది. అది నా గొంతు... కుర్రవాడిగా సత్యని మొదటిసారి కారెక్కించుకున్నప్పటి గొంతు.

"బండి తెమ్మంటారా అమ్మా?"

నేను తల ఊపలేదు. నా తల ఊగింది.