చెవి అందిన వయసు

బొరుగులు నీళ్లలో వేసిన సంగతే మరిచిపోయింది పావని. గుర్తొచ్చి చూసేసరికి అవి ఉగ్గాని చేయడానికి పనికిరాకుండా ముద్దయిపోయాయి. పొయ్యి పక్కన ఫోన్ వెలుగుతూనే ఉంది. నిన్నటి నుంచీ పదిసార్లు చూసిన లెక్కే మళ్లీ కనబడుతోంది. 2022లో మన దేశంలోనే జరిగిన పదిహేడేళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు. మన జట్టు ఆడినవి మూడు ఆటలు. మూడూ ఓటమే. వేసిన గోల్స్ సున్నా. మన మీద పడినవి పదహారు.

అదే వయసు జట్టుకు ఇప్పుడు కొత్త పిల్లల్ని ఏరుతున్నారు. ఆ ఎంపిక జాబితాలో తన కూతురు స్వప్న పేరుంది. అదీ గోల్‌కీపర్‌గా!

లోపల పెట్టెలు జరుపుతున్న చప్పుడు. స్వప్న హిందూపురం శిబిరం నుంచి పెనుకొండకు ఒక్కరోజుకని వచ్చింది, పుట్టిన సర్టిఫికెట్ కోసం. సాయంత్రం అయిదులోగా అది కోచ్ సాల్మన్ సార్ చేతిలో పెట్టాలి. బడి రికార్డులో ఆమెకు ఒక ఏడాది ఎక్కువుంది. ఆ లెక్కన జట్టుకు పనికిరాదు. అసలు వయసు చెప్పేది ఆ కాగితమే. నకలు తీసుకోవాలంటే పదిరోజులు పడుతుంది.

ఆ ఏడాది తేడా పావని పుణ్యమే. చిన్నపిల్లను వెంటబెట్టుకుని వస్తే కూలికి పిలిచేవాళ్లు లేక, నాలుగేళ్లు దాటగానే బడికి తీసుకుపోయింది. ముసలి అయ్యవారు పాత పద్ధతిలో, “చెయ్యి తలమీదుగా వేసి ఆ పక్క చెవి పట్టుకోమ్మా” అన్నాడు. చెవి అందితే అయిదు నిండినట్టు. స్వప్నవి పొడుగు చేతులు. చెవిని పట్టుకోవడమే కాదు, మెలేసి చూపించింది. అయ్యవారు నవ్వుతూ ఏడాది కలిపి రాసుకున్నాడు. పావని నోరు మెదపలేదు.

“మా, యాడ పెట్టినావో బాగా గుర్తు తెచ్చుకో. రెండుగంటల రైలుకు పోవాల” అంది స్వప్న గుమ్మంలోకి వచ్చి.

“చెదలు తినిందేమోనని చెప్తానే ఉండా గదా!”

“రేషన్ కార్డును ఇడిసిపెట్టి, ఆధార్‌ను ఇడిసిపెట్టి నా కాగితమొక్కటే తినిందా? బాగా చదువుకున్న చెద మాదిరుండాదే!”

పావని నవ్వలేదు. మెత్తబడ్డ బొరుగులను పిండుతూనే ఉంది. పిండేకొద్దీ అవి వేళ్లసందుల్లోంచి జారిపోతున్నాయి.

లోపలి గదిలో భర్త రామాంజి ఆఖరి పెట్టె మూత తెరిచాడు. రోజూ ధర్మవరం పోయి పరుల మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి, కూతురి కోసం ఈ రోజు పని మానేశాడు. పక్కనే కూర్చున్న అత్త గంగులమ్మ కళ్లు పెట్టె అడుగున ఉన్న పావని పెండ్లిచీర మీద పడ్డాయి.

“దీని మడత మార్చి ఎన్నేండ్లయిందే పావనీ? ఒకే మడతలో ఉంటే జరీ ఇరిగిపోదా? మగ్గమోళ్ల ఇంటికి కోడలుగా వచ్చి ఇది గూడ తెలీకపోతే ఎట్లే!”

“అత్తా, అది ముట్టొద్దు!”

పావని తడిచేతులతోనే పరుగెత్తింది. అప్పటికే చీర మడత విచ్చుకుంది. లోపలి నుంచి ప్లాస్టిక్ కవరొకటి జారి నేలమీద పడింది.

రామాంజి దాన్ని తీసి చదివాడు. కూతురి చేతికిచ్చాడు.

“నువ్వే దాచినావా?” అంది స్వప్న.

“అవును, దాచినా!” పావని ఫోన్ తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టింది. “చూడు, పదహారు! మొన్న రాష్ట్రపోటీల్లో నీ మీద అయిదు పడినాయని ఈ వీధోళ్లు నన్ను కొళాయి కాడ ఏమన్నారో తెల్సునా? ‘జల్లెడమ్మ వచ్చె, దారియ్యండి’ అన్నారు. వీధిలోనే అంత మాటైతే, దేశాలన్నీ చూస్తాండంగా పడితే? బంతి తక్కిన పదిమందినీ దాటుకొనే గదా వచ్చేది? నింద మాత్రం నీకే! నా బిడ్డను చూసి లోకం నగుతాంటే నేను బతకలేను.”

స్వప్న కేకలు వేయలేదు. అరిచి ఉంటే పావనికి కొంత తేలికయ్యేది.

“పడినవి పదహారని ఉండాది. ఆపినవి ఎన్నో ఉండాదా దాంట్లో?”

పావని వేలు తెరమీద పైకీ కిందికీ కదిలింది. ఎక్కడా లేదు.

“మొన్న అయిదు పడినాయి మా. పదకొండు ఆపినా. నువ్వు రాలేదు. సాల్మన్ సార్ ఆ పదకొండూ చూసినాడు.”

గంగులమ్మ చీరను కొత్త మడత పెడుతూ తలెత్తకుండానే కోడలితో అంది. “ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పినావని మీ నాయన బడి మాన్పించినాడంటివి. ‘తక్కినవన్నీ పాసైతి గదత్తా, ఒక్కరన్నా అది చూడలేదు’ అని నా కాడ ఎన్నితూర్లు ఏడ్చినావో నీకే తెల్సు.”

పావని గోడకానుకుని కూలబడింది. పదమూడేళ్ల వయసులో తన పుస్తకాలు అటక మీదికి ఎక్కిన రోజు కళ్లముందుకొచ్చింది. ఆ రోజు నాయన కూడా ‘నలుగురూ నగుతారు’ అనే అన్నాడు.

కాసేపటికి లేచి, చేతులు తుడుచుకుని కవరు తీసుకుంది. “రైలుకు టైమైతాంది. నేనూ వస్తా.”

“నువ్వెందుకు?” అన్నాడు రామాంజి.

“బడిలో తప్పు రాస్తాంటే చూస్తా ఊరకుండింది నేను గదా. నేనే చెప్పుకోవాల.”

రైల్లో స్వప్న కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పావని మాత్రం కవరు ఉందో లేదోనని ప్రతి స్టేషన్‌లోనూ తడిమి చూసుకుంది.

హిందూపురం మైదానంలో సాల్మన్ సార్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “వయసు తేల్చేదానికి తీసిన మణికట్టు ఎక్స్‌రేకు ఇది సరిపోతాందమ్మా. ఈపొద్దే పంపుతా. తేల్చేది పైవాళ్లు. బడిలో తేదీ ఎందుకు మారిందో మాత్రం తల్లి రాసియ్యాల.”

పావని తెల్లకాగితాన్ని వెనక్కి జరిపింది. “బడి మానేసినాక సంతకం తప్ప ఏమీ రాయలేదు సార్. తప్పులు పోతాయి.”

“పోనీలేమ్మా. నిజం రాస్తే చాలు.”

ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. ‘నా కూతురి చెయ్యి పొడుగు. చెవి అందింది. వయసు నిండలేదని నాకు తెలుసు. చెప్పలేదు. తప్పు నాది, నా బిడ్డది కాదు.’

భుజం మీదుగా చదువుతున్న స్వప్న కళ్లు నిండాయి. తల్లి చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టింది. ఆ చేతినే పట్టుకుని, ఆమె తలమీదుగా వంచి, అవతలి చెవికి ఆనించింది.

“అందింది గదా మా! నిన్ను గూడ బడిలో వేసుకోవచ్చు.”

పావనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కూతుర్ని గట్టిగా పట్టుకుని, “నన్ను క్షమించు పాపా” అంది.

ఆ సాయంత్రం ఆమె వెంటనే ఇంటికి బయల్దేరలేదు. గోల్ వెనక మట్టిలో కొంగు పరుచుకుని కూర్చుంది. సాధనలో మొదటి బంతి స్వప్నను దాటుకుని వలలో పడింది. పావని కళ్లు మూసుకోలేదు.

రెండో బంతికి స్వప్న గాల్లోకి లేచింది. పొడుగాటి చెయ్యి చాచి దాన్ని పక్కకు నెట్టేసింది.

పావని చిటికెన వేలు ముడిచింది.

“ఒకటి.”